ఉప్పెన తరువాత కట్టిన ఊరు

2024 జూలైలో మా దమ్మపేటకు పొరుగున, అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు ప్రాజెక్టు కట్ట తెగింది. దిగువనున్న ఊళ్ళ మీదికి నీళ్ళు పోటెత్తాయి. పొలాల్లో ఇసుక మేటలు వేసింది. ఆ వారమంతా మా తొమ్మిదో తరగతిలో పాఠం సరిగా సాగలేదు. "మళ్ళీ అక్కడే ఇల్లెందుకు కట్టుకోవాలి సార్? ఊరినే మెరకకు మార్చెయ్యొచ్చుగా!" అని ఒకడు అడిగాడు. "ఊరు మారితే పొలం నీ వెంట నడిచొస్తుందా?" అని వెనక బెంచీలో నుంచి ఒక అమ్మాయి అంది. ఆ పిల్ల అమ్మమ్మ వాళ్ళది గోదావరి ఒడ్డున బూర్గంపాడు.

ఇద్దరి మాటలోనూ నిజముంది. ఇలాంటి ప్రశ్నకు నల్లబల్ల మీద జవాబు రాయడం కష్టం. అందుకని సంక్రాంతి సెలవులకు ముందు పిల్లల్ని తీసుకుని దివిసీమకు బయలుదేరాను. సత్తుపల్లి, తిరువూరు, మైలవరం మీదుగా విజయవాడ. అక్కడి నుంచి ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి, మోపిదేవి దాటితే అవనిగడ్డ. పామాయిలు తోటలు, గుట్టలు చూసి పెరిగిన మా పిల్లలకు ఆ నేల వింతగా కనిపించింది. ఎటు చూసినా పళ్ళెంలా చదును. "ఇక్కడ నీళ్ళొస్తే ఎటు పరుగెత్తాలి సార్?" అన్నారు. మొదటి పాఠం ఆ ప్రశ్నలోనే ఉంది.

పులిగడ్డ దగ్గర కృష్ణానది రెండు పాయలుగా చీలుతుంది. ఆ రెండు పాయలకూ సముద్రానికీ మధ్య చిక్కిన నేలే దివిసీమ. నది వేల ఏళ్ళుగా మోసుకొచ్చిన ఒండ్రు మట్టి అది. పంటకు బంగారమే గాని, ఎత్తు తక్కువ. సముద్రం వైపు పోయేకొద్దీ సముద్ర మట్టం కన్నా ఒకటి రెండు మీటర్లకు మించని ఊళ్ళే ఎక్కువ.

1977 నవంబరు 19, శనివారం. బంగాళాఖాతంలో పుట్టిన పెనుతుపాను చీరాల – నిజాంపట్నం ప్రాంతంలో తీరం దాటింది. దివిసీమ మీద సుమారు 5 మీటర్ల ఎత్తున ఉప్పెన విరుచుకుపడింది. సముద్రపు నీరు కొన్నిచోట్ల పది కిలోమీటర్లకు పైగా లోపలికి వచ్చింది. నాగాయలంక దగ్గరి సొర్లగొంది, కోడూరు దగ్గరి మందపాకల వంటి ఊళ్ళు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ప్రభుత్వ లెక్కల ప్రకారమే చనిపోయినవారు పదివేల దాకా ఉన్నారు. తాటిచెట్లెక్కి మట్టలు పట్టుకుని వేళ్ళాడినవారు కొందరు బతికారు.

ఇక్కడొక చిక్కు ప్రశ్న. తుపాను దాటింది చీరాల వైపు. మరి ఉప్పెన దివిసీమను ముంచిందేమిటి?

మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారపు ముల్లు తిరిగే దిశకు ఎదురుగా తిరుగుతుంది. కాగితం మీద సుడి గీసి, దాన్ని తీరం మీదికి జరిపి చూడండి. తుపాను నడిచే దారికి ఎడమ వైపున గాలి నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తుంది. కుడి వైపున సముద్రం మీద నుంచి నేల మీదికి వీస్తుంది. పైగా తుపాను ముందుకు నడిచే వేగం కూడా కుడి వైపు గాలికే కలుస్తుంది. ఆ రోజు దివిసీమ ఉన్నది కుడి వైపున.

నీరు లేవడానికి కారణం పీడనం తగ్గడమే అని చాలామంది అనుకుంటారు. పిల్లలు పరీక్షల్లో కూడా అలాగే రాస్తారు. లెక్క వేద్దాం. గాలి పీడనం 1 మిల్లీబారు తగ్గితే సముద్రం సుమారు 1 సెంటీమీటరు లేస్తుంది. తుపాను కేంద్రంలో పీడనం 70 మిల్లీబార్లు తగ్గిందనుకున్నా నీరు లేచేది 70 సెంటీమీటర్లే. నడుము దాటదు! మిగతాదంతా గాలి చేసిన పని. గాలి నీటిపై పొరను రాసుకుంటూ ఒడ్డుకు తోస్తుంది. సముద్రం లోతుగా ఉంటే అలా చేరిన నీరు అడుగు నుంచి వెనక్కి జారిపోతుంది. లోతు లేకపోతే వెనక్కి పోయే దారి చాలదు. ఒడ్డున కుప్ప పడుతుంది. గంటకు 180 కిలోమీటర్ల గాలి 50 కిలోమీటర్ల మేర సముద్రాన్ని తోస్తూ ఉందనుకోండి. అక్కడ లోతు 100 మీటర్లయితే ఒడ్డున నీరు లేచేది అర మీటరు లోపే. లోతు 10 మీటర్లే అయితే, ఉరమరగా నాలుగు మీటర్లు! కృష్ణ ముఖద్వారాల దగ్గర నది తెచ్చిపోసిన ఒండ్రు వల్ల సముద్రం చాలాదూరం వరకు లోతు తక్కువ. నేలను ఇచ్చిన ఒండ్రే ఉప్పెననూ పెంచిందన్నమాట.

దీన్ని ఇంట్లో చేసి చూడవచ్చు. మీటరు పొడవున్న రేకు తొట్టి ఒకటి తీసుకుని, అందులో ఒక సెంటీమీటరు లోతు మాత్రం నీరు పోయండి. ఒక చివర నుంచి బల్లఫ్యాను గాలి నీటి మీదుగా పారేలా పెట్టండి. అవతలి చివర స్కేలు నిలబెట్టి చూస్తే ఒకటి రెండు మిల్లీమీటర్లు లేచినట్టు కనిపిస్తుంది. నీరు ఐదు సెంటీమీటర్ల లోతుకు పోసి మళ్ళీ చూడండి. ఆ తేడా చెప్పుకోదగినంత ఉండదు. ఫ్యాను తీగకు నీరు తగలకుండా పెద్దవాళ్ళెవరినైనా దగ్గర ఉంచుకోండి.

కొత్త ఊరు

ఉప్పెన తరువాత దేశం నలుమూలల నుంచీ సాయం వచ్చింది. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు వంటి నటులు జోలె పట్టి విరాళాలు పోగుచేశారు. మదర్ థెరిసా వచ్చారు. అవనిగడ్డకు శాసనసభ్యుడూ, ఆనాటి మంత్రీ అయిన మండలి వెంకటకృష్ణారావు సహాయ కార్యక్రమాలను దగ్గరుండి నడిపించారు. రామకృష్ణ మిషన్‌తో పాటు ఎన్నో స్వచ్ఛంద సంస్థలు ఊళ్ళను దత్తత తీసుకుని పక్కా ఇళ్ళ కాలనీలు కట్టాయి. అలాంటి కాలనీ ఒకదానికే, నాగాయలంక దాటిన తరువాత, మేం వెళ్ళింది.

చూడగానే తెలిసిపోతుంది అది ఒక్కసారిగా కట్టిన ఊరని. వీధులు గీత గీసినట్టున్నాయి. ఇళ్ళన్నీ ఒకే కొలత. మన ఊళ్ళు అలా ఉండవు. తాత కట్టిన ఇంటి పక్కన తండ్రి, తండ్రి ఇంటి పక్కన కొడుకు వేసుకుంటూ పోయిన ఊళ్ళు మనవి. ఆ కాలనీలో మాత్రం ఒకటి రెండు గదులు వేసుకున్నవారు, ముందు తాటాకు పందిరి దింపుకున్నవారు, అరుగు కట్టుకున్నవారు ఉన్నారు. ఏభై ఏళ్ళలో జనం ఆ గీతల్ని కాస్త వంకర తిప్పుకున్నారు. నాకది నచ్చింది.

మా వెంట పది మీటర్ల పారదర్శకపు ప్లాస్టిక్ గొట్టం తీసుకెళ్ళాం. మేస్త్రీలు వాడేదే. గొట్టం నిండా నీరు పోసి రెండు కొసలూ పైకెత్తి పట్టుకుంటే, రెండువైపులా నీటి మట్టం ఒక్కటే ఎత్తున నిలుస్తుంది. దానితో రోడ్డుకూ ఇంటి గచ్చుకూ ఉన్న తేడా కొలిచాం. రెండున్నర అడుగులు వచ్చింది. "పదహారడుగుల ఉప్పెనకు రెండున్నర అడుగుల అరుగా!" అని పిల్లలు పెదవి విరిచారు.

తొందరపడకూడదు. ఉప్పెన 5 మీటర్లు అంటే సముద్ర మట్టం నుంచి. అక్కడి నేల సముద్ర మట్టానికి 2 మీటర్ల ఎత్తున ఉందనుకుంటే నేల మీద నిలిచే నీరు 3 మీటర్లు, అంటే సుమారు పదడుగులు. ఇప్పుడు ఇంటి కప్పు ఎత్తు చూడండి. అరుగు రెండున్నర అడుగులు, గోడ పదడుగులు. డాబా పన్నెండున్నర అడుగుల ఎత్తున ఉంటుంది. అంటే నీటికన్నా రెండడుగుల చిల్లర పైన. పైనుంచి అలలు కొట్టినా బతికే వీలుంది. కొన్ని ఇళ్ళకు బయటి నుంచి మెట్లు ఎందుకు కట్టారో అప్పుడు అర్థమైంది పిల్లలకు. అరుగు మామూలు వానాకాలపు నీటి కోసం. డాబా ఉప్పెన కోసం.

మరి గోడ నిలవాలి కదా? పాత ఊళ్ళో ఉన్నవి మట్టిగోడలు, తాటాకు కప్పులు. గాలి గంటకు 200 కిలోమీటర్ల వేగంతో వీస్తే గోడ మీద ప్రతి చదరపు మీటరుకూ సుమారు 190 కిలోల బరువు పెట్టినంత ఒత్తిడి పడుతుంది. ఇక నీటి సంగతి. మనిషి పరుగెత్తే వేగంతో, అంటే సెకనుకు 3 మీటర్ల వేగంతో వచ్చే సముద్రపు నీరు అదే చదరపు మీటరు మీద 470 కిలోల ఒత్తిడి పెడుతుంది. గాలి అంత వేగంగా వీచినా, నెమ్మదిగా వచ్చిన నీరే రెండు రెట్లకు మించి బలంగా తోస్తుంది! కారణం సాంద్రత. ఒక ఘనపు మీటరు గాలి బరువు కిలో పైచిలుకు. అంతే సముద్రపు నీటి బరువు 1025 కిలోలు. సాంద్రతలో సగం తీసుకుని, దాన్ని వేగపు వర్గంతో హెచ్చవేస్తే ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది, 9.8తో భాగిస్తే కిలోలు. మీరూ చేసి చూసుకోండి.

ఈ లెక్క తెలిస్తేనే తుపాను రక్షణ కేంద్రం రూపం బోధపడుతుంది. అది బడికి దగ్గరలోనే ఉంటుంది. మామూలు రోజుల్లో బడిగానో సమావేశాలకో వాడుకుంటారు. కింద గోడలుండవు, స్తంభాలే. పైన హాలు, దానిపైన డాబా. కింద గోడలు కడితే ఆ 470 కిలోలను చదరపు మీటరు లెక్కన భరించాలి. స్తంభాలైతే నీరు మధ్య నుంచి పోతుంది. నీటితో పోట్లాడకుండా దారి ఇవ్వడమన్నమాట. ఈ తెలివి మన తీరానికి పూర్తిగా కొత్తదేమీ కాదు. ఉత్తర కోస్తా బెస్తపల్లెల్లో కట్టే చుట్టిళ్ళు చూశారా? గుండ్రని గోడ, నేలను తాకేంత కిందికి దిగిన కప్పు. గాలి ఆనడానికి మూల దొరకదు, చూరు కింద దూరడానికి సందు దొరకదు. అయితే చుట్టిల్లు గాలికి జవాబే గాని నీటికి కాదు.

ఒక ఇంట్లో శ్లాబు పెచ్చులూడి లోపలి చువ్వలు కనిపించాయి. కొత్తలో కట్టిన ఇళ్ళలో ఇప్పుడు చాలావాటికి ఇదే జబ్బు. సముద్రపు గాలిలోని ఉప్పు కాంక్రీటు సూక్ష్మ రంధ్రాల్లోంచి లోపలికి చేరి ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు, తాను పుట్టిన ఇనుముకన్నా రెండు రెట్లకు పైగా చోటు అడుగుతుంది. లోపలి నుంచి ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. తీరాన కట్టే ఇంటికి చువ్వల మీద కాంక్రీటు మందంగా ఉండాలి, ఇసుక ఉప్పులేనిదై ఉండాలి, కొన్నేళ్ళకోసారి మరమ్మతూ ఉండాలి. ఇల్లు కట్టి ఇచ్చేవారు తాళంచెవి ఇచ్చి ఫొటో దిగి వెళతారు. మరమ్మతు ఎవరిదో ఎవరూ రాసిపెట్టరు. ఇది నా అభిప్రాయం, కోపం అన్నా సరే.

తాగునీటి సంగతి కూడా చెప్పాలి. ఉప్పునీటికన్నా మంచినీరు తేలిక. అందుకే తీరంలోని ఇసుక నేలల్లో వాన నీరు ఉప్పునీటి మీద పలచని పొరగా తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టానికి ఒక అడుగు పైన మంచినీరు నిలిస్తే, కింద సుమారు నలభై అడుగుల వరకు మంచినీరే ఉంటుందని లెక్క. బావిలో నీరు ఆత్రంగా తోడి ఆ ఒక్క అడుగునూ తగ్గిస్తే కింద నలభై అడుగులూ ఉప్పెక్కుతాయి! ఉప్పెన వచ్చినప్పుడు ఉప్పు పైనుంచే దిగింది. బావులూ చెరువులూ పాడయ్యాయి, పొలాలు చవుడుదేరాయి. అందుకే అక్కడ కాలువ నీటితో నింపుకునే మంచినీటి చెరువులు ఊరికి ప్రాణం.

పడవ దగ్గర గుడిసె

కాలనీ చూసి సముద్రం వైపు వెళ్ళాం. మడ అడవులు మొదలయ్యే చోట, పాయ గట్టున, వరసగా తాటాకు గుడిసెలు కనిపించాయి. మా పిల్లలు తెల్లబోయారు. "ఉప్పెన వచ్చిన చోటే మళ్ళీ గుడిసెలా సార్?"

వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన్ని అడిగాం. ఆయనకు కాలనీలో పక్కా ఇల్లుంది. భార్య, మనవలు అక్కడే ఉంటారట. "పడవ ఈడ, నేనాడ ఉంటే వేట ఎట్టా సాగుద్ది మాస్టారూ? పాటు అర్ధరాత్రి తీస్తే అర్ధరాత్రే పోవాలి" అన్నాడాయన. సముద్రం ఇరవై నాలుగు గంటల యాభై నిమిషాలకోసారి రెండు పోట్లు, రెండు పాట్లు పూర్తి చేస్తుంది. అంటే వేటకు బయలుదేరే వేళ రోజూ సుమారు యాభై నిమిషాలు జరుగుతుంది. గడియారం చూసి ఉద్యోగానికి పోయేవాడు ఎక్కడున్నా ఒకటే. చంద్రుణ్ణి చూసి పనికి పోయేవాడికి ఇల్లు నీటి దగ్గరే ఉండాలి. మా తరగతిలో ఆ అమ్మాయి అన్న మాట ఇదే కదా!

ప్రపంచంలో ఈ చిక్కు అందరికీ వచ్చింది. మన కోరంగి ఒకప్పుడు పేరున్న ఓడరేవు. 1839 ఉప్పెన తరువాత మళ్ళీ కోలుకోలేదు. 1964 డిసెంబరులో తుపాను ధనుష్కోడిని ఊడ్చేసింది; ప్రభుత్వం ఆ పట్టణం నివాసానికి పనికిరాదని ప్రకటించింది. అమెరికాలో గాల్వెస్టన్ నగరం 1900 సెప్టెంబరులో ఉప్పెనకు వేలమందిని పోగొట్టుకుని కూడా కదల్లేదు. పదిహేడు అడుగుల సముద్రపు గోడ కట్టి, రెండు వేలకు పైగా కట్టడాలను జాకీలతో పైకెత్తి, వాటి కింద ఇసుక నింపి నేలనే పెంచుకుంది. అదే దేశంలో వాల్మయర్ అనే చిన్న ఊరు 1993లో మిసిసిపీ వరదలో మునిగాక, పక్కనున్న కొండగట్టు మీదికి, దాదాపు నాలుగు వందల అడుగుల ఎత్తుకు మారిపోయింది. అయినా అందరూ రాలేదు. పొలాలు కిందనే ఉన్నాయి. రైతులు కార్లలో దిగి వెళ్ళి సాగు చేసుకుంటారు. కారున్న రైతుకు నాలుగు వందల అడుగులు లెక్కలోది కాదు. పడవొక్కటే ఆస్తిగా ఉన్నవాడికి రెండు కిలోమీటర్లే దూరాభారం.

అందుకే దివిసీమ ఎంచుకున్నది వేరే దారి. పగలు నీటి దగ్గర, ప్రమాదం వచ్చినప్పుడు కాలనీలోనో రక్షణ కేంద్రంలోనో. కాని ఈ దారి పనిచేయాలంటే కబురు వేళకు రావాలి. ముసలివాళ్ళతో, పిల్లలతో రెండు మూడు కిలోమీటర్లు నడవడానికి మామూలుగానే గంట పడుతుంది. గాలి వంద కిలోమీటర్లు దాటాక నడవడమే సాధ్యం కాదు. కనుక ఆకాశం ఇంకా మామూలుగా ఉన్నప్పుడే బయలుదేరాలి. ఆకాశం బాగుండగా ఇల్లూ గొడ్డూ వదిలి ఎవడు కదులుతాడు, చెప్పేవాడి మీద నమ్మకం ఉంటే తప్ప? 1977లో హెచ్చరిక అన్ని ఊళ్ళకూ చేరలేదు. చేరినచోట కూడా అంతటి ఉప్పెన చూసినవారు లేరు. బందరును ముంచిన పెద్ద ఉప్పెన 1864 నాటిది మరి.

1990 మే 9న అంతే భయంకరమైన తుపాను కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఈసారి ఉపగ్రహం ఉంది, బందరులో రాడారు ఉంది, రోడ్లున్నాయి, రక్షణ కేంద్రాలున్నాయి. ఆరు లక్షలకు పైగా జనాన్ని ముందే తరలించారు. చనిపోయినవారు వెయ్యికి లోపు. వెయ్యి ప్రాణాలు తక్కువ కాదు. కాని 1977తో పోల్చి చూడండి. ఆ పదమూడేళ్ళలో సముద్రం మారలేదు.

తిరుగు ప్రయాణంలో బస్సులో వాదన మళ్ళీ మొదలైంది. మన గోదావరికి ఈ పద్ధతే సరిపోతుందా? భద్రాచలం దగ్గర 1986 ఆగస్టులో నీటి మట్టం 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఉప్పెన గంటల్లో వచ్చి గంటల్లో తీస్తుంది. గోదావరి గంట గంటకూ కబురు చెబుతూ పెరుగుతుంది, కదలడానికి వ్యవధి ఇస్తుంది. కాని ఊళ్ళో దిగితే రోజుల తరబడి కూర్చుంటుంది. డాబా ఎక్కి ఒక రాత్రి గడపవచ్చు. నాలుగు రోజులు గడపలేం. తాగునీరు, పొయ్యి, గొడ్లకు మేత కావాలి. కాబట్టి ఇక్కడ కావలసింది స్తంభాల మీద హాలు కాదు, ఊరికి నడిచిపోయే దూరంలో నిజమైన మెరక. పెద్దవాగు సంగతి మళ్ళీ వేరు. తెగిన కట్ట గోదావరిలా నిదానంగా కబురు చెప్పదు.

"మెరక అంటే ఎంత మెరక?" అని అడిగాడు మొదట ప్రశ్న వేసిన కుర్రాడు. బూర్గంపాడు అమ్మాయి ఆ గొట్టం తనకిమ్మంది. 2022 వరద గీత వాళ్ళ అమ్మమ్మ ఇంటి గోడ మీద ఇంకా కనిపిస్తుందట. ఆ గీత నుంచి ఊరవతల మెరక దాకా గొట్టంతో కొలుచుకుంటూ పోతానంది. పది మీటర్ల గొట్టంతో ఒక్కో మజిలీ కొలిచి, తేడాలు కూడుకుంటూ పోవాలి. సంక్రాంతి సెలవుల్లో నలభై మూడు మజిలీలు కొలిచి, పుస్తకంలో రాసుకుని తెచ్చింది. రెండుచోట్ల కూడిక తప్పింది. వేసవి సెలవుల్లో మళ్ళీ కొలుస్తానంటోంది. గొట్టం ఇంకా ఆమె దగ్గరే ఉంది.